చెవుల సంచి

భార్గవి చేతిలోని ఫారంలో ఐదు గడులున్నాయి. భూమి, కూలి, పార్టీ, కులం, ఇతరములు. స్వతంత్రం వచ్చి మూడేళ్ళు తిరక్కముందే, ఇంకా జెండా రంగు వెలవకముందే, మీ ఇంటివాళ్ళు ఎందుకు తిరగబడ్డారు అన్నది ప్రశ్న. ఎవరేం చెప్పినా ఆ ఐదింటిలో ఒకదానిలో టిక్కు పడాలి. ఆమె గైడు శాంతకుమారి మేడం మొదట్లోనే హెచ్చరించింది. "ఇతరములు అనే గడి సోమరిపోతుల కోసం పెట్టింది. దాంట్లో పదికి మించి పడితే నువ్వు చేసేది పరిశోధన కాదు, పిట్టకథలు" అంది.

పెద్దపంజాణి మండలంలో నలభై ఇళ్ళు తిరిగేసరికి ఇతరముల గడిలో ముప్పైఒక్కటి పడ్డాయి. పాపం, భార్గవి సోమరి కాదు. మదనపల్లెలో వాళ్ళ నాన్నకు టమాటా మండీ ఉంది. తెల్లవారకముందే లారీల మోత విని లేచే ఇల్లు అది. స్కూటీ మీద పుంగనూరు దాటి, ఎర్రగుంటలపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎండలో తిరిగి అడిగింది. అడిగినవాళ్ళు చెప్పిన జవాబులే ఆ గడుల్లో పట్టలేదు.

జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. 1950లో ఆ పల్లెల మీద చిన్నపాటి జమీందారైన ఒక మిట్టాదారు పెత్తనం ఉండేది. మిట్టాలు రద్దయ్యాయని చట్టం వచ్చింది గానీ, ఆయన బందెలదొడ్డి తాళాలు మాత్రం ఆయన మొలలోనే ఉన్నాయి. గొర్రెలవాళ్ళు రాత్రిళ్ళు ఎవరి పొలంలో మంద కడితే ఆ పొలానికి ఎరువు, వీళ్ళకు గింజలు. అది అందరికీ ఉన్న పద్ధతి. మిట్టాదారు పొలంలో మాత్రం ఊరికే కట్టాలి. స్వతంత్రం వచ్చింది గదా, ఇక ఊరికే కట్టం అన్నారు జనం. ఆయన గొర్రెలన్నిటినీ తోలించి బందెలదొడ్డిలో పెట్టించాడు. పది రోజుల తర్వాత మూడు ఊళ్ళ జనం పోయి దొడ్డి తలుపులు పగలగొట్టారు. పోలీసులు వచ్చారు. ఇరవైరెండు మంది జైలుకు పోయారు.

ఆనాటివాళ్ళు దాదాపు అందరూ పోయారు. కొడుకులూ కూతుళ్ళూ మిగిలారు. "మీ నాన్న ఎందుకు పోయాడు?" అంటే వాళ్ళు భూమి అనలేదు, పార్టీ అనలేదు. "చెవుల కోసం" అన్నారు. ఒకరు కాదు, ముప్పైఒక్కమంది.

గొర్రెలకు పేర్లుండవు, చెవులుంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఒకరిది కుడి చెవి కొనకు గంటు, ఒకరిది ఎడమ చెవి అంచున రెండు గాట్లు. తాతల నాటి నుంచి అదే. ఏ గొర్రె ఏ మందలో కలిసినా చెవి చూసి మారుమాట లేకుండా తోలేస్తారు. దొడ్డిలో పడిన గొర్రెల చెవికొనలను మిట్టాదారు కోయించేశాడు. గుర్తులన్నీ ఉండేది కొన వైపు సగంలోనే గదా, అది పోతే ఇక ఎవరి గొర్రో ఎవరు చెప్పగలరు? ఆ కోసిన కొనలన్నీ ఒక గోనెసంచిలో పోసి, ఎవరో ఒక పొద్దున ఊరి బావిగట్టు మీద పెట్టి పోయారు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు చూశారు. అక్కడే కూర్చుని ఎవరి ఇంటి చెవులు వాళ్ళు ఏరుకున్నారు. పొద్దు నెత్తికెక్కేసరికి ఊరు ఊరంతా దొడ్డి ముందర ఉంది.

సంచి పెట్టింది ఎవరు? అది ఎవరికీ తెలియదు. దేవుడన్నవాళ్ళు కూడా ఉన్నారు. భార్గవికి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. మేడం అడిగిన గడుల సంగతి పక్కనబెట్టి, నిద్రలో కూడా ఆ సంచి గురించే ఆలోచించేది.

ఆ రోజు దొడ్డి దగ్గర ఉన్నవాళ్ళలో ఇంకా బతికున్నది ఒక్క కెంపమ్మే. తొంభైరెండేళ్ళు. వినికిడి పోలేదు, నోరు అసలే పోలేదు. భార్గవి మొదటిసారి పోయినప్పుడు ఫారం తీయకముందే షరతు పెట్టింది.

"యాల పోతిరి, ఎందుకు పోతిరి అని అడిగేదానికి వొచ్చినావా? సెప్తా. ముందర మా అన్న పేరు రాయి మీద ఎక్కించు. ఆ తర్వాత నువ్వడిగిన దానికల్లా సెప్తా."

రాయి సంగతి భార్గవికి తెలుసు. ఎర్రగుంటలపల్లెలో ఆ పోరాటానికి డెబ్బైఐదేళ్ళు నిండిన సందర్భంగా ఒక నల్లరాతి పలక నిలబెడుతున్నారు. రిటైరైన హెడ్మాస్టరు మునికృష్ణ కమిటీకి పెద్ద. ఆయన తండ్రి దొడ్డి తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ వేసినవాడు. గొర్రెలను విడిపించమని కలెక్టరుకు రాసుకున్న ఆనాటి అర్జీలో ఉన్న నలభై మంది పేర్లూ పలక మీద చెక్కిస్తున్నారు. కెంపమ్మ అన్న రెడ్డెప్ప పేరు అందులో లేదు. లేకపోవడమే కాదు, ఊళ్ళో ఆ పేరెత్తితే మూతి తిప్పుకుంటారు. రెడ్డెప్ప మిట్టాదారు దగ్గర జీతగాడు. దొడ్డి పగిలిన రోజు ఊళ్ళో లేడు, ఆ తర్వాత తిరిగి రాలేదు. మిట్టాదారే ఏదో ముట్టజెప్పి పంపించేశాడని జనం అనుకున్నారు. డెబ్బైఐదేళ్ళుగా కెంపమ్మ ద్రోహి చెల్లెలు.

"నేనూ ఆ కాగితం మింద ఉండాను పాపా అని నాతో సెప్పి పోయినాడు మా అన్న. అబద్ధమాడే మనిసి గాదు. ఆ కాగితం యాడుందో ఎవురికీ తెలీదు, నా మాట ఎవురూ నమ్మరు" అంది.

మునికృష్ణ దగ్గరున్నది చేత్తో రాసుకున్న నకలు. అసలు అర్జీ కోసం భార్గవి మదనపల్లెలో నాలుగు ఇళ్ళ గడపలు తొక్కింది. చివరికి వరదరాజులు అనే పెద్దాయన ఇంట్లో, ప్లీడరుగా చేసిన ఆయన తండ్రి ట్రంకుపెట్టెలో దొరికింది. ఇంతలో దొడ్డి పగలడంతో అది కలెక్టరు దాకా పోనేలేదు. రెండు పెద్ద కాగితాలు, మడతల దగ్గర చిరుగులు. నలభై పేర్లు, పక్కన నలభై వేలిముద్రలు. రెడ్డెప్ప పేరు లేదు. మూడుసార్లు చదివింది. తొమ్మిదో వేలిముద్ర పక్కన ఏదో సిరా గీత తప్ప వేరే ఏమీ లేదు. ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఆ ముసలామెకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరికే ఉంది. బుధవారం పొద్దున్నే స్కూటీ తీసింది. శుక్రవారం కుప్పంలో పలక చెక్కుతారు.

పోయేసరికి కెంపమ్మ మనవరాలు ఝాన్సీ పెరట్లో కొత్త పిల్లలకు చెవులు కోస్తోంది. ఒక గొర్రెపిల్లను ఒళ్ళో ఇరికించుకుని, చిన్న కత్తితో కుడి చెవి కొన దగ్గర గంటు వేసి, కింద అంచున రెండు గాట్లు పెట్టి, బూడిద అద్ది వదిలింది. పిల్ల తల విదిలించుకుంటూ తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"మా ఇంటి గుర్తు మేడం" అంది ఝాన్సీ. "ఇప్పుడు గవర్నమెంటోళ్ళు పసుప్పచ్చ బిళ్ళలు ఏస్తాండారు. అవ్వ మాత్రం ఒప్పుకోదు. బిళ్ళ ఊడిపోతాది, గుర్తు పోదు అంటాది."

భార్గవి ఆ చెవి వంకే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ఫోను తీసి, అర్జీ ఫొటో పెద్దది చేసింది. తొమ్మిదో వేలిముద్ర పక్కనున్న సిరా గీత. గీత కాదది. కొసదేలిన ఆకు ఆకారం, కొనకు గంటు, కింద అంచున రెండు గాట్లు.

"అవ్వా! ఇది చూడు. తొమ్మిదోది ఎవరి వేలిముద్ర? మునెప్ప అని రాసుంది" అంది.

"మునెప్ప మా నాయన" అంది కెంపమ్మ. ఫోను కంటికి ఆనించుకుంది. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ఇది మా అన్నది. గీసినాడు సూడు, పిచ్చినాయాలు."

"అందరూ వేలిముద్ర వేస్తే ఆయన బొమ్మ యాల గీసినాడు అవ్వా?"

"యాల అంటే... జీతానికి కుదిరిన దినం మిట్టాదారు కాగితం మింద బొటనేలు ఏసిండె గదా. వేలు వాళ్ళకు ఇచ్చేసినాను, ఒకరికి ఇచ్చిన వేలు ఇంగొకరికి ఇచ్చేదానికి లేదు అనుకునేటోడు. నిజంగానే అనుకునేటోడు పాపా. ఆ వేలితో ఏం జెయ్యల్లన్నా ఆలోచన చేసేటోడు. అందుకే ఇంటి గుర్తు గీసినట్లుండాడు. అది మాత్రం మాది, ఎవురికీ ఇయ్యలేదు గదా."

భార్గవికి కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఇక సందేహమేముంది, సాక్ష్యం చేతిలో ఉంది, శుక్రవారంలోగా మునికృష్ణ సారుకు చూపిస్తే పేరు ఎక్కుతుంది. సంతోషంతో అదే చెప్పింది. కెంపమ్మ మాత్రం నవ్వలేదు. ఝాన్సీని నీళ్ళు తెమ్మని లోపలికి పంపింది.

"కూసో. ఇంగొకటి ఉండాది. అది గూడా వినేసి, అప్పుడు సూపీ."

భార్గవి గడప మీద కూర్చుంది. కెంపమ్మ ఆమె వంక చూడకుండా, పెరట్లో గొర్రెల వంక చూస్తూ చెప్పింది.

"దొడ్లో చెవులు కోసింది మా అన్నే. మిట్టాదారు పిలిచి కొనలన్నీ తీసెయ్‌రా అనె. తీసినాడు. ఒకటి గాదు రెండు గాదు, అరవైమూడు గొర్రెలు. మునికిష్టప్ప వాళ్ళవి ఏడు ఉండె దాంట్లో. గోడల లోపల జరిగె గాబట్టి ఎవురూ సూళ్ళేదు. అరవైనాలుగోది మా ఇంటిది. నేను సీసాతో పాలు తాపి పెంచిన గొర్రె. దాని చెవి పట్టుకున్నాడంట, మా గుర్తు కనపడెనంట. కత్తి ఆడనే పారేసినాడు. కోసిన కొనలన్నీ సంచిలోకి ఎత్తుకోని, మిట్టమధ్యాన్నం కొట్టం ఎనకాల నా చేతికిచ్చినాడు. రేపు పొద్దున బాయి గట్టు మింద పెట్టు, నా పేరు మాత్రం సెప్పొద్దు అనె. నాకు పదిహేడేండ్లు. పెట్టినాను."

"సంచి పెట్టింది నువ్వా అవ్వా!"

"ఊ. అర్జీ కాగితం ఆ దినం మా ఇంట్లోనే ఉండె. నాయన ఏలు ఏసి పొలానికి పోయిండె. మా అన్న లోపలికి పోయి వొచ్చి, నేనూ దాని మింద ఉండాను అని సెప్పి, కుప్పం దిక్కు నడిసిపోయె. కోసినోడని తెలిస్తే ఊరోళ్ళు సంపుతారు, తెచ్చినోడని తెలిస్తే మిట్టాదారు సంపుతాడు. యాడుంటాడు ఇంగ? గుడుపల్లె తట్టు బండలు కొడతా మూడేండ్లు బతికి, జ్వరమొచ్చి పోయినాడంట. ఆ మట్టి గూడా నేను సూళ్ళేదు."

ఇన్నాళ్ళూ వెతికిన మనిషి దొరికాడు, దొరికిన మనిషి ఇలా ఉన్నాడు. అడగకూడదనుకుంటూనే భార్గవి అడిగేసింది. "అరవైమూడింటికి ఆగని చెయ్యి అరవైనాలుగో దానికి ఆగిందా?"

"అదే గదా! నన్నడగొద్దు పాపా. నేనూ డెబ్బైఐదేండ్లుగా అదే అడుగుతాండాను."

ఝాన్సీ నీళ్ళు తెచ్చింది. భార్గవి తాగి, గొంతు తగ్గించి అంది. "అవ్వా, అర్జీ మీద గుర్తు ఒక్కటి చాలు. చెవుల సంగతి చెప్పాల్సిన పని లేదు గదా? చెబితే మునికృష్ణ సారు అస్సలు ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే మానె. డెబ్బైఐదేండ్లు నోరు మూసుకున్నాను, ఎందుకంటే తెలిస్తే మా గొర్రెను ఏ మందలోనూ కలపనీరని. ఇప్పుడు మందలే లేవు, ఇంగ దేనికి బయం? సగం సెప్పి రాయి ఎక్కిస్తే మా అన్న చెవికి నేను దొంగ గుర్తు ఏసినట్లే. కారు మాట్లాడు. నేనూ వొస్తా."

ఎవరు ఎంత చెప్పినా వినలేదు. శుక్రవారం పొద్దున ఝాన్సీ ముసలామెను కారెక్కించింది. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా కెంపమ్మ కిటికీలోంచి గుట్టలను చూస్తూనే ఉంది. ఏ గుట్ట కనబడినా "ఈడనా? ఆడనా?" అని అడిగింది.

గ్రానైట్ షెడ్డులో కోత మిషన్ల రొదకు మాట వినబడదు. తెల్లని రాతిపొడి అందరి కనురెప్పల మీదా ఉంది. పలక అప్పటికే నున్నగా అద్దంలా సాన పట్టి బల్ల మీద పెట్టారు. పేర్లు రాసిన కాగితం దాని మీద అంటించి ఉంది. చెక్కే కుర్రాడు దినేష్ ఉలులు సర్దుకుంటున్నాడు. మునికృష్ణ తెల్లచొక్కాలో నిలబడి, కెంపమ్మను చూసి అదిరిపడ్డాడు.

"అత్తా! ఇంత దూరం నువ్వు యాల వస్తివి?"

"నువ్వు మా ఇంటికి రావు గదా మునికిష్టప్పా, అందుకని నేనే వస్తి."

మిషన్లు ఆపించారు. భార్గవి అర్జీ ఫొటో చూపించింది. మునికృష్ణ కళ్ళజోడు సవరించుకుని, ఝాన్సీ చెప్పిందంతా విని, తల ఊపాడు. మంచివాడే, మొండివాడు కాడు. కాగితం మీద ఉన్నదాన్ని కాదనడానికి ఆయన హెడ్మాస్టరు మనసు ఒప్పదు. "నేను తప్పు చేస్తి అత్తా. నకలు సూసి రాస్తిమి. పేరు ఎక్కిస్తాం" అన్నాడు.

ఇక్కడితో ఆపేయవ్వా, ఆపేయ్ అని భార్గవి మనసులో వేడుకుంది. కెంపమ్మ ఆగలేదు. కుర్చీలో కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, పెరట్లో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. మునికృష్ణ వాళ్ళ గొర్రెలు ఏడు అని కూడా దాచకుండా చెప్పింది.

మునికృష్ణ ముఖం ఎర్రబడింది. అటు తిరిగి నాలుగడుగులు వేశాడు, మళ్ళీ వెనక్కు వచ్చాడు. ఆయన కోపం చూసి దినేష్ ఉలి కింద పెట్టేశాడు.

"మా నాయన సచ్చేదాకా రెండు మాటలు అంటాండె అత్తా" అన్నాడు చివరికి. "ఆ సంచి తెచ్చినోడు కనపడితే కాళ్ళకు మొక్కతా అనేటోడు. ఆ చెవులు కోసినోడు కనపడితే చెయ్యి నరకతా అనేటోడు. నేను సిన్నప్పటి నుంచి ఇద్దరినీ ఎతుకుతాండా. ఇద్దరూ ఒకటేనా?"

"ఒకటేనప్పా."

"మరి నేనేం జెయ్యల్ల ఇప్పుడు? మొక్కల్లనా, నరకల్లనా?"

"పేరు రాయొద్దప్పా" అంది కెంపమ్మ నెమ్మదిగా. "ఆ పేరుతోనే మిట్టాదారు పిలిస్తే పోయి కోసినాడు. గుర్తు చెక్కు, సాలు. ఎదురు తిరిగింది దానితోనే. అది గూడా వద్దంటే, సరే, నేను ఇంటికి పోతా. సెప్పేసినాను, అది సాలు నాకు."

మునికృష్ణ పలక పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. తన చేతులు చూసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"మా ఇంటి గుర్తు ఏందో నీకు గురుతుండాదా అత్తా? నా సిన్నతనంలోనే మేము గొర్రెలు అమ్మేసి టమాటాకు మళ్ళితిమి. నాయన సెప్పినాడు, నేను మర్సిపోతి."

కెంపమ్మ కుర్చీలోంచి వంగింది. పలక అంచు మీద పేరుకున్న తెల్లటి రాతిపొడిలో వేలితో గీసింది. ఎడమ చెవి, కొన నేరుగా తెగింది, పై అంచున ఒక గంటు, నడుమ ఒక చుక్క.

"చుక్క అంటే రంధ్రమప్పా. మీ జేజినాయన సూదితో పొడిసేటోడు. సంచిలోంచి మీ ఏడు చెవులూ మీ అమ్మే ఏరుకునె. కొంగులో మూట గట్టుకోని, ఏడస్తానే దొడ్డి దగ్గరికి పోయె."

మునికృష్ణ ఆ గీత మీద చెయ్యి పెట్టబోయి, చెరిగిపోతుందేమోనని ఆగిపోయాడు. జేబులోంచి పెన్ను తీసి, గుర్తు చెదరకుండా పక్కనే ఒక కాగితం మీద అచ్చంగా అలాగే గీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, దినేష్ వైపు తిరిగాడు.

"మా నాయన పేరు పక్కన జాగా ఉండాది సూడు. ఆడ చెక్కు. ఈయమ్మ ఫోన్లో ఉండే గుర్తు."

"దాని కింద ఏం రాయల్ల సార్?"

"ఏం వద్దు. సూసినోళ్ళు ఇదేందని అడగనీ. అడిగితే సెప్పేదానికి మేముండాం."

ఉలి మొదటి దెబ్బ పడగానే కెంపమ్మ కళ్ళు మూసుకుంది. కొనకు గంటు, కింద అంచున రెండు గాట్లు. అరగంటలో అయిపోయింది. దినేష్ నోటితో పొడి ఊదాడు. ఆమె పోయి దాని మీద వేలు పెట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుని తడిమి చూసి, సరిగ్గానే ఉందని చెప్పింది.

తిరిగి కారెక్కేముందు భార్గవికి ఫారం గుర్తొచ్చింది. సంచి పెట్టింది ఎవరో తెలిసింది, తెచ్చింది ఎవరో తెలిసింది. అసలు ప్రశ్న మాత్రం ఈమెను ఇంకా అడగనేలేదు.

"అవ్వా, నీ షరతు తీరింది గదా. ఇప్పుడు చెప్పు. దొడ్డి పగలగొట్టిన రోజు నువ్వు యాల పోతివి?"

కెంపమ్మ రాతిపొడి అంటిన వేలు చీరకొంగుకు తుడుచుకుంది.

"నేనా? సంచి పెట్టితి గదా. ఎవురన్నా వొస్తారా రారా అని సూసేదానికి పోతి" అంది. కారు తలుపు పట్టుకుని, గుడుపల్లె వైపు గుట్టలను ఒకసారి చూసింది. "అందరూ వొచ్చినారు పాపా. మా అన్న తప్ప అందరూ వొచ్చినారు."